కొండకి వీపు పెట్టిన కాఫీమర

అదిగో, మీరూ నవ్వుతున్నారు. కారన్నాక కొండెక్కేటప్పుడు ముందుకి కదా పోవాలి, వెనక్కి పోవడమేంటని. మా హాసెల్‌రోడాకి కొత్తగా వచ్చినవాళ్లందరూ మొదటిరోజు ఇలాగే నవ్వేవాళ్లు. చిన్న ఆకుపచ్చ కారొకటి డుబడుబమంటూ కొండ మొదలు దాకా వచ్చేది. అక్కడ ఆగి, చుట్టూ తిరిగి, కొండకి వీపు పెట్టి, వెనక్కి వెనక్కి ఎక్కిపోయేది. నడిపేది ఒక లావుపాటి ఆవిడ. మెడ వెనక్కి తిప్పి, నోట్లో ఎండు ఆల్‌బుఖారా పండు నములుతూ ఉండేది. ఆవిడే హుల్డా రేబైన్. మాకూ, కొండ మీదున్న పైఊరికీ మంత్రసాని. చిన్నా పెద్దా అందరికీ హుల్డత్త.

నవ్వండి, నేనేమీ అనుకోను. ఆ వెనకడుగే లేకపోతే మా చెల్లెలు లీనా ఇవాళ లేదు. దాని కూతురూ లేదు. అది చెప్పాలంటే ముందు కారు సంగతి చెప్పాలి, కారు కంటే ముందు దాన్ని చేసినాయన సంగతి చెప్పాలి.

ఆయన పేరు ట్రౌగొట్ ఐకెల్మన్. కార్ఖానాలో మేమంతా పెద్దయ్యగారు అనేవాళ్లం. మొదట్లో ఆయన చేసింది కాఫీ గింజలు విసిరే మరలు. చెక్క డబ్బా, పైన తిప్పే ఇనప పిడి, కింద పొడి పడే సొరుగు. మా తురింగియా సీమలో ఐకెల్మన్ మర లేని వంటిల్లు ఉండేది కాదు. మా అమ్మ దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, తెల్లారగానే తిప్పుతూ మమ్మల్ని లేపేది. తరవాత సైకిళ్లు చేశాడు. ఆ తరవాత, యుద్ధానికి ముందు, ఆయనకి కార్ల పిచ్చి పట్టింది. గొప్పోళ్ల కారు కాదు, డాక్టరూ, పాస్టరూ, పశువుల వైద్యుడూ నడుపుకునే చిన్న కారు కావాలన్నాడు. సీట్లు పక్కపక్కన కాకుండా ఒకదాని వెనక ఒకటి పెట్టాడు. అదేమిటయ్యా అంటే, షెడ్డు తలుపు అంతే వెడల్పుందన్నాడు.

స్టార్టు చెయ్యాలంటే ముందువైపు ఇనప పిడి పెట్టి తిప్పాలి. ఐకెల్మన్ కార్ఖానా, తిప్పే పిడి. ఇంకేముంది, మొదటి కారు వీధిలోకి రాగానే మా ఊళ్లో దానికి కాఫీమర అని పేరు పెట్టేశారు. పెద్దయ్యగారికి ముందు ఒళ్లు మండింది. తరవాత ఆయనే అనేవాడు, "మర తిప్పితే కాఫీ వస్తుంది. నాది తిప్పితే కాఫీ తాగడానికి పక్కూరు పోవచ్చు. ఏది నయం?"

నేను సీట్ల విభాగంలో పనిచేసేదాన్ని. తోలు కుట్టడం, లోపల గుర్రపు వెంట్రుకలు కూరడం. బడి మానగానే చేరాను. చేతులు ఎప్పుడూ గుర్రం వాసన కొట్టేవి, పెళ్లికొడుకులు రావట్లేదని మా అమ్మ గోల. పోనీలెండి, వచ్చారు చివరికి.

హుల్డత్త ఒక కాలు కుంటేది. పుట్టినప్పుడు తల ముందు రాలేదు, పిర్రలు ముందొచ్చాయి. అప్పటి మంత్రసాని కంగారుపడి కాలు పట్టుకుని లాగింది. తుంటి ఎముక తప్పిపోయింది, మళ్లీ కూర్చోలేదు. చదునైన నేల మీద బాతులా ఊగుతూ నడిచేది. కొండెక్కడం ఆవిడ వల్ల అయ్యే పని కాదు. వీధిలో పిల్లలు వెనకే ఊగుతూ నడిచి వెక్కిరిస్తే, ఆగి వెనక్కి తిరిగేది. తిట్టడానికని అనుకుంటారు మీరు. కాదు. "అలా కాదురా వెధవా, ఇంకాస్త కుడికి ఒరగాలి. చూడు, ఇలాగ," అని నేర్పేది.

మంత్రసాని పని ఎందుకు పట్టావత్తా అని ఒకసారి అడిగాను. "నన్ను లాగినట్టు ఇంకెవర్నీ లాగకూడదని," అంది. అంతే. ఇంకో మాట లేదు.

పైఊరికి ఆవిడ ఎడ్లబండి మీద పోయేది. ఎడ్లు వాటికి తోచినప్పుడు నడిచేవి. పెద్దయ్యగారికి ఆ సంగతి తెలుసు. ఆయన అక్క పైఊళ్లోనే కాన్పులో పోయింది, సాయం అందక. ఒకరోజు హుల్డత్తని కార్ఖానాకి పిలిచాడు. కొనడానికి ఎవరూ ముందుకు రాని కారొకటి మూల నిలబడి ఉంది. దాని వెనక సీటు కాస్త పక్కకి ఒరిగి ఉండేది.

"ఇది నీదమ్మా హుల్డా. పైఊరికి పోయి రా. వచ్చాక ఏది విరిగిందో చెప్పు."

"నేను విరిగితే ఎవరికి చెప్పాలి?"

"పాస్టరుగారికి," అన్నాడు.

ఆవిడ సీటు నేనే కుట్టాను. తుంటి నొప్పి పెట్టకుండా ఎడమవైపు వెంట్రుకలు దండిగా కూరాను. కూర్చుని చూసి, "సెల్మా, పెళ్లికూతురి పరుపులా ఉందే," అంది.

మొదటిసారి ఎక్కినప్పుడు రాళ్ల గని దగ్గర మలుపులో కారు దగ్గి దగ్గి ఆగిపోయింది. గని పనివాళ్ల చేత మళ్లీ తిప్పించింది, మళ్లీ ఆగిపోయింది. కిందికి దొర్లుకుంటూ వచ్చి తిన్నగా కార్ఖానాలో దిగింది. మేమంతా పని ఆపేసి చూస్తున్నాం.

"అయ్యా ట్రౌగొట్! నీ మర గని దగ్గరే మొరాయించింది!"

పెద్దయ్యగారు పైపు నోట్లోంచి తీశాడు. "తెలుసు. పెట్రోలు డబ్బా ఎక్కడుంది? వెనక సీటు కింద. ఏటవాలు ఎక్కుతుంటే ఇంజను పైకి లేస్తుంది, డబ్బా కిందికి పోతుంది. పెట్రోలుకి కాళ్లున్నాయా ఎక్కడానికి? కారుని వెనక్కి తిప్పు. అప్పుడు డబ్బా పైనుంటుంది. వెనక గేరుకి బలమూ ఎక్కువే."

"మరి ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"ముందే చెప్తే తీసుకునేదానివా?"

ఆవిడ ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వింది. "వెనక్కి పోవడం నాకు కొత్తేంటి! ఈ లోకంలోకి వచ్చిందే ముడ్డి ముందు పెట్టుకుని!"

ఆ రోజు నుంచి పైఊరికి హుల్డత్త అంటే వెనక్కి వచ్చే కారే. దూరంగా మలుపులో కారు వీపు కనపడితే చాలు, ఆడవాళ్లు నీళ్లు కాచేవాళ్లు, మగవాళ్లు ఇంట్లోంచి బయటికి పోయేవాళ్లు. పిల్లలు పుట్టాక వాళ్లని బాప్తిజానికి కింద చర్చికి తీసుకొచ్చేదీ ఆవిడే. అప్పుడు మాత్రం కారు ముందుకే దిగేది. పసిబిడ్డకి ముందు దారి కనపడాలని పైఊరి వాళ్ల పట్టింపు.

తరవాత యుద్ధం వచ్చింది. కార్ఖానాలో కాఫీమరలూ లేవు, కార్లూ లేవు, ఫిరంగి గుళ్లకి బిగించే ఇనప ముక్కలే. హుల్డత్త కారు చక్రాల రబ్బరు కూడా సైన్యానికని పట్టుకుపోయారు. ఆవిడ కారు ఇటికల మీద నిలబడి ఉండేది. యుద్ధం ముగిసే ఏడు పెద్దయ్యగారు పోయాడు.

మా లీనా పైఊరికి కోడలై వెళ్లింది ఆ తరవాతే. మొగుడు ఎమిల్, మామ బాల్తజార్. మొదటి కాన్పు వచ్చేసరికి కారుకి ఇంకా రబ్బరు దొరకలేదు. హుల్డత్త ఎడ్లబండి మీదే పోయింది. ఎడ్లు ఎప్పటిలాగే వాటికి తోచినప్పుడు నడిచాయి. ఆవిడ వెళ్లేసరికి బిడ్డ లేదు. లీనా మాత్రం దక్కింది. ఇంకోసారి ఇలా అయితే తల్లి కూడా ఉండదని హుల్డత్త నాతో చెప్పింది, లీనాకి చెప్పలేదు. లీనాకి చెప్పకపోయినా తెలుసు. మళ్లీ నెల తప్పేసరికి కారుకి రబ్బరు దొరికింది, అయినా అది మాటిమాటికీ అదే అడిగేది. "అక్కా, హుల్డత్త కార్లోనే రావాలి. కారు బాగానే ఉందిగా? రబ్బరు బాగుందిగా?"

ఇక్కడ పైఊరి వాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. యుద్ధంలో బంగాళదుంపలు, పందులు, గుడ్లు అన్నీ లెక్కపెట్టి పట్టుకుపోవడానికి ఆఫీసర్లు వచ్చేవాళ్లు. వాళ్లవి పెద్ద కార్లు, బలమైన ఇంజన్లు, కొండ మీదికి ముందుకే ఎక్కేవి. అందుకని కారు మొహం కనపడగానే మలుపులో ఉన్నవాడు ఆవు కొమ్ము ఊదేవాడు. రెండు గట్ల మధ్య దారి సన్నగా ఉండే చోట గడ్డిబండి అడ్డంగా తోసేసేవాళ్లు. ఒక చక్రం ఊడదీసి దాచేసేవాళ్లు. ఆఫీసరు వచ్చి అడిగితే, "చక్రం ఊడిపోయిందండీ, బాగుచేస్తున్నాం." ఆయన అక్కడ తిట్టుకుంటూ ఉండగా ఇక్కడ హామ్‌లు బావిలోకి, సాసేజ్‌లు పిల్లల పక్కల కిందికి. యుద్ధం అయిపోయి ఏళ్లయినా ఆ అలవాటు మాత్రం పోలేదు. కారు ముందుకి వస్తే శత్రువు, వెనక్కి వస్తే హుల్డత్త. వాళ్లకి అంతే తెలుసు.

కార్ఖానా పెద్దయ్యగారి కొడుకు ఎగ్బర్ట్ చేతికొచ్చింది. చెడ్డవాడు కాదు. పట్నంలో చదివి, కొత్త కారు తయారుచేయించాడు. పెట్రోలుని ఇంజనే పైకి లాక్కుంటుంది, వెనక్కి తిరగక్కర్లేదు. ముందు రెండు సీట్లు పక్కపక్కన, వెనక ఒకటి. షెడ్డు తలుపు కూడా పెద్దది చేయించాడు లెండి. ఆయనకి ఒకటే బాధ. ఐకెల్మన్ కారు వెనక్కి వెనక్కి పోతుంటే ఊళ్లకి ఊళ్లే నవ్వుతున్నాయి, పేపర్లో కూడా బొమ్మ వేసి నవ్వారు.

"హుల్డత్తా, కొత్త కార్లో ఒక్కసారి ముందుకి ఎక్కు. నేను పక్కన కూర్చుంటా. పైన ఊరి మొదట్లో గోడ దగ్గర ఫొటో ఆయన్ని నిలబెడతా. అందరూ చూడాలి."

"చిన్నయ్యా, కారు మొహం ఎటుందని నేనెప్పుడూ చూడలేదు. పైకి చేరిందా లేదా, అంతే."

"నా కోసం."

"సరే, నీ కోసం. మీ నాన్న మొహం చూసి."

ఆవిడ పాత కారు అప్పుడు కార్ఖానాలోనే ఉంది, గేర్ల పెట్టె విప్పి పెట్టారు. నవంబరులో ఒకరోజు ఫొటోకి ముహూర్తం పెట్టుకున్నారు. ఎగ్బర్ట్ ఆవిడకి తోలు కోటు, తోలు టోపీ, దుమ్ము పడకుండా పెద్ద కళ్లద్దాలు కూడా తెచ్చాడు, ఫొటోలో దర్జాగా ఉండాలని.

నేనప్పటికే పైఊళ్లో ఉన్నాను, లీనా దగ్గర. ఆ రోజే బాల్తజార్ తాత పందిని కోయించాడు, బాప్తిజం విందుకి ముందుగానే. సర్కారు లెక్కలోకి ఎక్కని పంది, అది నేను చెప్పక్కర్లేదు. పెరట్లో కాగులో సాసేజ్‌లు ఉడుకుతున్నాయి, ఊరంతా ఆ వాసనే. అప్పుడే లీనాకి నొప్పులు మొదలయ్యాయి. అనుకున్న దానికంటే ముందే.

సత్రంలో టెలిఫోను ఉంది. ఎమిల్ పరిగెత్తి కింద మందుల షాపుకి చెప్పాడు. షాపు ముందే కొత్త కారు నిలబడి ఉంది, హుల్డత్త కళ్లద్దాలు పెట్టుకుంటోంది. ఆవిడ వెంటనే సంచీ వెనక సీట్లో పడేసి, ఎగ్బర్ట్‌తో "ఫొటో నువ్వే తీయించుకో, నాకు పనొచ్చింది. ఎక్కు," అంది. ఇదంతా మాకు పైన తెలీదు. మాకు తెలిసింది హుల్డత్త బయల్దేరిందని మాత్రమే. ఎమిల్ మలుపులో నిలబడి కారు వీపు కోసం చూస్తున్నాడు.

నేను పొట్ట మీద చెయ్యి పెట్టి చూశాను. నేను మంత్రసానిని కాను. అయినా కింద ఉండాల్సిన తల పైన తగులుతోందని తెలిసింది. లీనాకి చెప్పలేదు.

అంతలో కొమ్ము ఊదిన చప్పుడు.

"నాన్నా! కారు! ముందుకొస్తోంది!" ఎమిల్ అరుస్తూ పరిగెత్తుకొస్తున్నాడు. "దీపాలు రెండూ మనకేసే! పైగా ఊరి మొదట్లో గోడ దగ్గర ఒకడు మూడు కాళ్ల పెట్టె పెట్టుకుని నిలబడ్డాడు!"

"కొలతల ఆఫీసరు!" బాల్తజార్ తాత గావుకేక పెట్టాడు. "పంది సంగతి ఎవడో ఊదాడు! బండి తొయ్యండ్రా! చక్రం దాచండి!"

"మరి హుల్డత్త వస్తే?"

"వీపు కనపడగానే తీసేద్దాం! ముందు సాసేజ్‌లు!"

కిటికీలోంచి చూస్తున్నాను. సొంత మనవడికో మనవరాలికో సాయం వస్తుంటే, ఆ ముసలాయనే పదిమందిని పోగేసి గడ్డిబండి దారికి అడ్డంగా తోస్తున్నాడు. నాకప్పుడు అది తెలీదు. నేనూ ఆఫీసర్లే అనుకున్నాను. తిట్టుకున్నాను కూడా.

బండి దగ్గర ఏం జరిగిందో తరవాత ఎగ్బర్ట్ చెప్పాడు, నవ్వలేక ఏడవలేక. ఇంజను గట్ల మధ్య గాండ్రిస్తోంది. బాల్తజార్ తాత కొట్టం తలుపు సందులోంచి మాట్లాడుతున్నాడు. ఆయన చూపు అంత దూరం ఆనదు. కారు ఇటు తిరిగుందా, అటు తిరిగుందా అన్నది మాత్రం ఎంత దూరమైనా ఆనుతుంది.

"బాల్తజార్! బండి తియ్యి! నేను హుల్డాని!"

"హుల్డా అయితే వెనక్కొస్తుంది! పోయినసారి వచ్చినోడు పాస్టరుగారి మేనల్లుణ్ణన్నాడు, హామ్ ఎత్తుకుపోయాడు!"

"నీ కోడలికి పురుడు రా ముసలోడా!"

"ఓహో, అది కూడా కనుక్కునే వచ్చారా! సిగ్గు లేదూ, పురుటి ఇంటి మీద పడడానికి?"

ఆవిడ కళ్లద్దాలు తీసింది. "చూడు నా మొహం!"

"రైలింజను తోలేవాడిలా ఉన్నావు!"

ఎగ్బర్ట్ దిగి, పట్నం టోపీ సర్దుకుని, మర్యాదగా ముందుకి నడిచాడు. పేడముద్ద ఒకటి గాల్లో వచ్చి ఆ టోపీకి తగిలింది. ఆయన మర్యాదగానే వెనక్కి వచ్చాడు.

"ఎక్కు చిన్నయ్యా. కింద గని దాకా దొర్లిపోయి తిరగాలి."

"తిరగడమా? వెనక్కా? అత్తా, వద్దు! పైన ఫొటో ఆయన ఉన్నాడు!"

"పిల్లకి నీ ఫొటో అక్కర్లేదు. ఎక్కుతావా, నడుస్తావా?"

ఇంట్లో మాకు వినపడింది ఒకటే. కారు చప్పుడు కొండ దిగిపోతోంది. బయట జనం సంతోషంగా కేకలేశారు, ఆఫీసరు పారిపోయాడని. లీనా నా చెయ్యి పట్టుకుంది, వేళ్లు విరిగిపోతాయేమో అనుకున్నాను.

"అక్కా, అత్త రాలేదు కదూ. పోయినసారి లాగే."

"వస్తుందే. ఇప్పుడే కదా బయల్దేరింది."

నా నోరు ఆ మాట అంటోంది, నేను మాత్రం నమ్మట్లేదు. నీళ్లు కాగి కాగి సగం అయిపోయాయి. కారు చప్పుడు పూర్తిగా పోయింది. లీనా కళ్లు మూసుకుంది.

మళ్లీ చప్పుడు. చాలా దూరంగా. నేను పట్టించుకోలేదు. లీనాయే కళ్లు తెరిచింది. నొప్పుల మధ్య తల ఎత్తింది.

"అక్కా. వెనక గేరు."

నిజమే. ముందుకి పోయే కారు డుబడుబమంటుంది. వెనక్కి పోయే కారు సన్నగా, పొడుగ్గా మూలుగుతుంది, దూడ తల్లి కోసం మూలిగినట్టు. ఆ మూలుగు పైఊళ్లో కుక్కలకి కూడా తెలుసు. కిటికీలోంచి చూస్తే మలుపులో కొత్త కారు వీపు, నల్లగా మెరుస్తూ, మెల్లగా మాకేసి వస్తోంది.

"హుల్డా!" బయట బాల్తజార్ తాత గొంతు పగిలిపోయింది. "హుల్డాయే! బండి తియ్యండి! చక్రం! చక్రం ఏదిరా?"

చక్రం ఎంత బాగా దాచారంటే, దాచినవాడికే గుర్తు లేదు. చివరికి ఊళ్లో మగవాళ్లంతా బండిని చేతులతో ఎత్తి గట్టు మీదికి విసిరేశారు. ఆ తరవాత చాలా రోజులు అది అక్కడే ఉంది.

తోలు కోటుతోనే లోపలికి వచ్చింది హుల్డత్త. గుమ్మంలో బాల్తజార్ తాత టోపీ తీసి చేతుల్లో నలుపుకుంటున్నాడు.

"నీ ఇంటి బిడ్డకి దారి మూసింది నువ్వేనా తాతా?"

"హుల్డా, నువ్వు... నువ్వు ముందుకొచ్చావు మరి!"

"నాదే తప్పు. బయటికి ఫో."

చేతులు కడుక్కుని పొట్ట పట్టి చూసింది. ఆవిడ మొహంలో ఏ మార్పూ రాలేదు. "లీనా, ఇది నాలాంటిది. పిర్రలు ముందు. భయపడకు. ఇలాంటివాళ్ల సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

ఆ తరవాత ఆవిడ చేసింది చాలా తక్కువ. లీనాని మంచం అంచుకి జరిపింది. నడుం వెనక నన్ను కూర్చోబెట్టింది. బిడ్డ పిర్రలు కనపడ్డాయి, తరవాత నడుం. నా చేతులు వాటంతటవే ముందుకి పోయాయి, లాగుదామని. హుల్డత్త నా చేతి మీద ఒక్కటిచ్చింది.

"ముట్టుకోకు. లాగొద్దు. ఎవరూ లాగొద్దు. కొండ మీదికి కారు ఎలా వస్తుంది? మెల్లగా, దాని దారిన అది. లీనా, ఇప్పుడు తోయి. ఆ! ఇంకా. గని దగ్గర మలుపు దాటాం. ఇంకొక్క మలుపే!"

భుజాలు వచ్చాయి. తల దగ్గర మాత్రం ఆవిడ రెండు చేతులూ పెట్టింది, కోడిగుడ్డు పట్టుకున్నట్టు. బిడ్డ నీలంగా ఉంది, కదల్లేదు. హుల్డత్త దాని వీపు రుద్దింది, మళ్లీ రుద్దింది. అప్పుడు ఏడ్చింది చూడండి, బయట కొమ్ము ఊదినవాడు సిగ్గుపడేలా.

ఆడపిల్ల. బొడ్డు కోశాక హుల్డత్త దాన్ని వెల్లకిలా పడుకోబెట్టింది. రెండు మోకాళ్లు పట్టుకుని మెల్లగా పక్కలకి తెరిచింది. ఒకసారి, ఇంకోసారి. తల వంచి చూస్తోంది. ఆ గదిలో ఆవిడ భయపడింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

"తుంటి బాగుంది," అంది మెల్లగా. "రెండూ బాగున్నాయి. ఇది పరిగెడుతుంది లీనా."

ఆవిడకీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే తోలు కోటు చేతితో తుడిచేసుకుని, "నాకెవరైనా సాసేజ్ పెడతారా, లేక అన్నీ బావిలో వేశారా?" అని అరిచింది.

వంటింట్లో ఎగ్బర్ట్ సాసేజ్‌లు ఉడికించిన వేడి పులుసు తాగుతున్నాడు. పేడ మరక టోపీ పక్కన పెట్టుకున్నాడు. ఫొటో ఆయన కూడా వచ్చి చేరాడు. అతను తీసిన ఒకే ఒక్క ఫొటోలో ఐకెల్మన్ కొత్త కారు వీపూ, బండిని ఎత్తుతున్న ఊరి మగవాళ్లూ ఉన్నారు.

బాల్తజార్ తాత ఎగ్బర్ట్ గిన్నె మళ్లీ నింపాడు. "బాబూ, ఒక మాట అడుగుతా. ఈ కొత్త కారు వెనక్కి బాగానే పోతుందా?"

"పోతుంది," అన్నాడు ఎగ్బర్ట్ నీరసంగా.

"అయితే మంచి కారే," అన్నాడు తాత.

ఎగ్బర్ట్ ముందు చెంచా కింద పెట్టాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు, ఆపలేకపోయాడు. అచ్చం పెద్దయ్యగారి నవ్వు. ఆ ఫొటో ఇప్పటికీ సత్రంలో వేలాడుతోంది.

పిల్లకి హుల్డా అనే పేరు పెట్టారు. హుల్డత్తే జ్ఞానతల్లి, అంటే బాప్తిజంలో బిడ్డని చేతుల్లోకి తీసుకుని, దాని మంచిచెడ్డలకి పూచీ పడే మనిషి. ఊళ్లో అది చిట్టి హుల్డా అయింది. నడక వచ్చిన రోజు నుంచి అది నడవనే లేదు, పరుగే. పాత కారు బాగై వచ్చాక హుల్డత్త మళ్లీ దాంట్లోనే తిరిగింది. ఎగ్బర్ట్ ఇంకెప్పుడూ ముందుకి ఎక్కమని అడగలేదు.

కార్ఖానా సంగతి అడుగుతారేమో. పెద్ద పెద్ద ఊళ్లలో పెద్ద పెద్ద కార్ఖానాలు, కార్లు పట్టా మీద వరసగా దొర్లుకుంటూ వస్తాయట. మేము ఒక్కో సీటూ చేత్తో కూరేవాళ్లం. వాళ్లతో ఎక్కడ నెగ్గుతాం? ఎగ్బర్ట్ చివరిదాకా లాగాడు, ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఒకరోజు గేటు మూశారు. నా సూదులు నాకిచ్చేశారు. ఇప్పుడు అదే షెడ్డులో, ఆ పెద్ద తలుపు వెనక, ఎగ్బర్ట్ కొద్దిమందితో మళ్లీ కాఫీ మరలు చేస్తున్నాడు. బాగానే పోతున్నాయి. మంచి మరలు. మొన్న నేనూ ఒకటి తెచ్చుకున్నాను.

హుల్డత్త కారు మాత్రం ఆగలేదు. సీటు రెండుసార్లు మళ్లీ కూరాను. ఎడమవైపు దండిగా.

ఈస్టరు తరవాత చిట్టి హుల్డా బడికి పోవాల్సిన రోజు వచ్చింది. బడిలో చేరే రోజు పిల్లకి జ్ఞానతల్లి తీపి పొట్లం ఇవ్వడం మా వైపు ఆచారం. హుల్డత్త తెచ్చిన పొట్లం పిల్లకంటే కాస్తే పొట్టి. ఎర్ర కాగితం, పైన తెల్ల ముడి. లోపల అల్లం బిస్కెట్లు, చాక్లెట్లు, ఎండు ఆల్‌బుఖారా పళ్లు. అన్నిటికంటే అడుగున ఐకెల్మన్ షెడ్డులో ఎగ్బర్ట్ తన చేత్తో చేసిచ్చిన బొమ్మ కాఫీమర, నిజంగా తిరిగే పిడితో. ముందురోజు నాకు చూపించి మురిసిపోయింది. "సెల్మా, దాని కాళ్లు చూశావా? రెండూ ఒకే పొడుగు. నేను పైకి వెళ్లేసరికి మలుపులో నిలబడి ఉంటుంది చూడు."

బడి రోజు పొద్దున కొండ మొదట్లో కమ్మరి కొట్టం దగ్గర ఆగింది. కారుని చుట్టూ తిప్పి, కొండకి వీపు పెట్టింది. ఇంజనుకి నీళ్లు పొయ్యాలని కమ్మరి బాల్చీ తీసుకుని తొట్టి దగ్గరికి పోయాడు. కొట్టం ముందు బెంచీ మీద, ఎండలో, ఆవిడ కాఫీ తాగుతూ కూర్చుంది.

"పిల్ల ఎదురుచూస్తుంటుంది, ఇంకో గుక్క తాగి పోతా," అందట.

కమ్మరి నీళ్లు పోసి, మూత బిగించి, "అంతా అయింది హుల్డత్తా, తిప్పనా?" అని వెనక్కి తిరిగాడు. కప్పు ఆవిడ ఒళ్లోనే ఉంది, ఒలకలేదు కూడా. ఆవిడలో ప్రాణం మాత్రం లేదు.

నాకు కబురొచ్చి పరిగెత్తుకుని వెళ్లేసరికి ఆవిడని లోపలికి తీసుకెళ్లారు. కారు అలాగే ఉంది. కొండకి వీపు పెట్టుకుని, నిండా నీళ్లతో, తిప్పే పిడి ముందు బిగించి ఉంది. పక్కకి ఒరిగిన ఆ వెనక సీట్లో ఎర్ర పొట్లం, పడిపోకుండా తోలు పట్టీతో కట్టేసి. పైన మలుపులో చిట్టి హుల్డా కొత్త గౌను వేసుకుని, కారు వీపు కోసం చూస్తోంది.